పండుగ పలకరింపులో బేరం వద్దు: ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవారు శుభాకాంక్షలు, కృతజ్ఞతలు పంపే పద్ధతి

భోగి ముందురోజు సాయంత్రం నుంచి కనుమ దాకా మన ఫోన్లలోకి వచ్చిపడే శుభాకాంక్షల్లో చాలా వాటిని మనం తెరవకుండానే తుడిచేస్తాం. గాలిపటం, చెరకుగడ, భోగిమంట ఉన్న బొమ్మ, దాని మీద దుకాణం పేరు, కింద తగ్గింపు శాతం. పంపినవారి పేరు తీసి పక్క దుకాణం పేరు పెట్టినా తేడా తెలియదు. నేను ఇంటి నుంచి మంగళగిరి నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మొదటి రెండేళ్లూ నేనూ అలాంటి బొమ్మలే పంపాను, వాటికి జవాబిచ్చినవారు దాదాపు లేరు. ఆ తరువాత పద్ధతి మార్చుకుంటూ వచ్చాను. చీరలు, పచ్చళ్లు, పూతరేకులు, కొండపల్లి బొమ్మలు వంటివి అమ్ముతూ, కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది వరకు తమ పేజీని చూసేవారున్న చిన్న వ్యాపారులకు ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటే. శుభాకాంక్షల సందేశంలో అమ్మకం మాట ఒక్కటి కూడా ఉండకూడదు. పండుగ పూట గడపలో నిలబడి క్షేమం అడిగినవారు అదే నోటితో సరుకు ధర చెబితే, ఆ పలకరింపు దేనికో ఇంట్లోవారికి వెంటనే అర్థమైపోతుంది. మన పేజీని చూసేవారిలో ఎక్కువమంది ఇంతవరకూ మన దగ్గర ఏదీ కొని ఉండరు. వాళ్లు చీరల ఫొటోలు చూస్తారు, నచ్చినదాన్ని చెల్లెలికి పంపుతారు, ఎప్పుడో ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు మనల్ని గుర్తు చేసుకుంటారు. ఏమీ అడగని పలకరింపు ఒకటి ఏడాదికి మూడు నాలుగుసార్లు వాళ్లకు అందితే చాలు. పండుగలోపు సరుకు చేరాలంటే ఏ తేదీలోగా ఆర్డరు ఇవ్వాలో చెప్పడం మాత్రం అవసరమే, ఎందుకంటే పండుగ ముందు కొరియర్ల దగ్గర పార్శిళ్లు పేరుకుపోతాయి. అయితే ఆ సమాచారాన్ని పండుగకు పది పన్నెండు రోజుల ముందే, విడి ప్రకటనగా, శుభాకాంక్షల ఊసు లేకుండా పంపాలి. ఆ తరువాత వెళ్లే సందేశం పూర్తిగా పండుగదే అయి ఉండాలి.

ఏ పండుగకు, ఎవరికి, ఏ రోజున

ప్రతి పండుగకూ సందేశం పంపనవసరం లేదు. ఏడాదిలో మూడు నాలుగు సందర్భాలు ఎంచుకుని వాటికి మనసు పెట్టడం మేలు. ఉగాది తెలుగువారందరికీ ఉమ్మడి పండుగ. సంక్రాంతి కోస్తా జిల్లాల్లో ఊరు ఊరంతా కదిలే పండుగ. తెలంగాణ నుంచి కొనేవారు ఎక్కువగా ఉంటే బతుకమ్మను మరచిపోవడం పెద్ద లోటవుతుంది, అక్కడ కూడా ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల్లో మొదటి రోజునే పలకరించడం బాగుంటుంది. మీ సరుకుకు దగ్గరి సంబంధమున్న రోజు ఏదైనా ఉంటే దాన్నీ ఎంచుకోవచ్చు. మాకు అది 2015 నుంచి దేశమంతటా జరుపుకుంటున్న జాతీయ చేనేత దినోత్సవం, ఆగస్టు 7. బొమ్మలు అమ్మేవారికి బొమ్మల కొలువు పెట్టే రోజులు అలాంటివే, అయితే కొందరి ఇళ్లలో కొలువు దసరాకు పెడతారు, మరికొందరి ఇళ్లలో సంక్రాంతికి పెడతారు కాబట్టి కొనేవారు ఏ ప్రాంతంవారో గమనించి రాయాలి.

తేదీ విషయంలో తొందరపడకూడదు. 2024లో సంక్రాంతి జనవరి 15న వచ్చింది, 2025లో 14న వచ్చింది. తిథిని బట్టి వచ్చే పండుగల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. 2024 దీపావళి అక్టోబరు 31నా, నవంబరు 1నా అన్న చర్చ దేశమంతా జరిగింది. రంజాన్ చంద్రదర్శనాన్ని బట్టి తేలుతుంది. అందువల్ల పంచాంగం చూసి, ఊళ్లో గుడి దగ్గర ఏ రోజు చేస్తున్నారో కనుక్కుని, ఆ తరువాతే సందేశంలో తేదీ రాయాలి, లేదా తేదీ రాయకుండా పండుగ పేరుతో సరిపెట్టాలి.

శుభాకాంక్షలు చెప్పకూడని రోజులు కూడా ఉన్నాయి. గుడ్ ఫ్రైడే క్రైస్తవులకు యేసు శిలువ మరణాన్ని తలచుకునే రోజు, మొహర్రం కర్బలా అమరులను స్మరించుకునే సందర్భం. ఈ రెండు రోజుల్లో రంగురంగుల శుభాకాంక్షల బొమ్మలు పంపే వ్యాపార పేజీలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి, వాటిని చూసినవారి మనసు ఎంత చివుక్కుమంటుందో పంపినవారికి తెలియదు. సెలవు దినాల జాబితా చూసి సందేశాలు తయారు చేసుకునేటప్పుడు ఒక్కో రోజు వెనక ఉన్న భావం ఏమిటో కనుక్కోవాలి. క్రిస్మస్‌కు, రంజాన్‌కు, దీపావళికి పేజీలో అందరికీ కనిపించేలా శుభాకాంక్షలు పెట్టవచ్చు. పేరును బట్టి మతాన్ని ఊహించి విడివిడిగా సందేశాలు పంపడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఎవరైనా తమ పండుగకు మన దగ్గర కొని ఆ సంగతి తామే చెప్పినప్పుడు, మరుసటి ఏడాది అదే పండుగకు గుర్తుపెట్టుకుని పలకరిస్తే అది వారికీ సంతోషం, మనకూ సంతోషం.

ఇంకొక సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఉగాదికి అందరికీ పంపినట్లే ఒకావిడకూ సందేశం పంపాను. ఆవిడ మర్యాదగా "మాకు ఈ ఏడాది పండుగ లేదండీ" అని జవాబిచ్చారు. అంతకు రెండు నెలల ముందు, మామగారు పోయారని చెప్పి ఆర్డరు ఆపమన్నది ఆవిడే. ఆ మాట మా సంభాషణలో పైన కనిపిస్తూనే ఉంది, దాని కిందే నా రంగుల బొమ్మ వెళ్లి కూర్చుంది. మన ఇళ్లలో మరణం జరిగితే సంవత్సరీకం అయ్యేవరకు పండుగలు చేసుకోరన్నది మనందరికీ తెలిసినదే, అయినా మొత్తం జాబితాకు ఒక్కసారిగా పంపేటప్పుడు ఆ ఎరుక ఉండదు. అప్పటి నుంచి వాట్సాప్ బిజినెస్‌లో ఉండే లేబుల్ సౌకర్యంతో ఒక గుర్తు పెట్టుకుంటున్నాను. ఎవరైనా తమ ఇంట్లో జరిగిన నష్టం గురించి చెప్పగానే ఆ సంభాషణకు ఆ లేబుల్ తగిలిస్తాను, శుభాకాంక్షల జాబితా నుంచి ఏడాదిపాటు ఆ పేరు తీసేస్తాను, పండుగ దాటిన తరువాత "ఎలా ఉన్నారండీ, మీరు గుర్తొచ్చారు" అని ఒక్క మాట రాస్తాను. కాగితం మీద లెక్క రాసుకునేవారు పుస్తకంలో పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకున్నా సరిపోతుంది.

మాటలు ఎలా కూర్చుకోవాలి

పంపేది ఎంతమందికైనా, రాసేటప్పుడు మాత్రం ఒక్కరినే మనసులో పెట్టుకుని రాయాలి. బాగా తెలిసిన కొనుగోలుదారు ఒకరిని తలచుకుని, వారు ఎదురుగా కూర్చుంటే ఏ మాటలు అంటామో అవే రాస్తే, "ప్రియమైన కస్టమర్లకు" వంటి బిగుసుకుపోయిన మొదలు దానంతటదే పోతుంది. "నమస్కారమండీ" అన్న ఒక్క మాట చాలు. చనువు ఉన్నవారిని మామూలుగా అక్కా అని పిలిచినా, అందరికీ వెళ్లే సందేశంలో మాత్రం ఆ వరసలు పెట్టకుండా "మీరు" అనే రాయాలి, ఎందుకంటే అది చదివేవారిలో మనకన్నా చిన్నవారు, మగవారు, కొత్తవారు కూడా ఉంటారు. "మా సంస్థ తరఫున" అని రాయడం కన్నా "నేను", "మా ఇంట్లోవాళ్లం" అని రాయడం నిజాయితీగా ఉంటుంది, అది ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే వ్యాపారమని వారికీ తెలుసు.

నేను కిందటి సంక్రాంతికి పంపినది ఇది: "నమస్కారమండీ. రేపు భోగి. మీ వాకిట్లో ముగ్గు, మీ పిల్లల తల మీద భోగిపళ్లు, ఊరు చేరుకున్నవారి సందడి, ఊరికి రాలేకపోయినవారి ఫోను పలకరింపులు, అన్నీ నిండుగా జరగాలని కోరుకుంటున్నాను. మీకు, మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు. మా ఇంట్లో అరిసెల పాకం ఇప్పుడే దింపారు, ఈ వాసన మీదాకా పంపే దారి ఉంటే బాగుండును." ఇందులో గొప్ప వాక్యమేమీ లేదు. అయితే ఆ సాయంత్రం మా వంటింట్లో జరుగుతున్నది ఒకటి ఉంది, ఎక్కువ జవాబులు ఆ అరిసెల మాటకే వచ్చాయి. మీరు పచ్చళ్లు పెట్టేవారైతే కొత్త ఆవకాయ జాడీ మూత తీసిన రోజు గురించి రాయండి, బొమ్మలు చేసేవారైతే తెల్లపొణికి చెక్క ఆరబెట్టిన పెరటి గురించి రాయండి. సందేశం అయిదారు వాక్యాలు దాటకూడదు. పండుగ రోజు ఎవరికీ తీరిక ఉండదు.

రాసినదాన్ని పంపే ముందు ఇంకొకరి చేత చదివించాలి. "శుభాకాంక్షలు" లో "భా" దీర్ఘం పోవడం, "హార్దిక" బదులు "హార్ధిక" పడటం, "ధన్యవాదాలు" లో వత్తు జారిపోవడం తరచుగా జరుగుతాయి. "దీపావళి" ని హిందీ పలుకుబడితో రాయబోయి "దివాళా" దగ్గరకు వెళ్లిన బొమ్మలు కూడా చూశాను, వ్యాపారి పంపే పండుగ సందేశంలో పడకూడని మాట అది.

బొమ్మ తయారు చేసుకుంటే తెలుగు అక్షరాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫొటోల మీద రాసే కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోతాయి, "సంక్రాంతి" లోని "క్రా" ముక్కలుగా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ యాప్‌ను వదిలేసి యూనికోడ్ తెలుగును సరిగా చూపించేదాన్ని వాడాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో మండలి చిన్న అక్షరాల్లోనూ స్పష్టంగా కనిపిస్తుంది. స్టోరీకి, స్టేటస్‌కు 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 పిక్సెళ్ల ఎత్తు ఉన్న నిలువు బొమ్మ సరిపోతుంది. బొమ్మలో ఏముండాలన్నదానికి నా సమాధానం ఎప్పుడూ ఒకటే, మీ ఫోనుతో మీరే తీసిన ఫొటో. మా వాకిట్లో ముగ్గు వంకరగా వచ్చినా దాన్నే పెడతాను. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ ఎవరో తీసినది, దాని మీద హక్కు వారిది. దేవుళ్ల బొమ్మల మీద దుకాణం పేరు అచ్చువేయడం, ముఖ్యంగా పార్శిలు కవర్ల మీద వేయడం మానుకోవాలి, చింపిన కవరు చివరికి చెత్తబుట్టలోకి వెళుతుందని తెలిసినవారికి అది బాధ కలిగిస్తుంది. రీల్ చేస్తే సినిమా పాట పెట్టే ముందు కూడా చూసుకోవాలి, వ్యక్తిగత ఖాతాలకు దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాలకు అనుమతి ఉన్నవి కావు. ముగ్గు వేసేటప్పటి మాటలు, మగ్గం చప్పుడు వంటి సొంత శబ్దం ఉంటే ఆ చిక్కే లేదు.

పంపే దారి, పంపే వేళ

వాట్సాప్‌లో పంపేవారు గ్రూపు, బ్రాడ్‌కాస్ట్ ఒకటే అనుకోకూడదు. గ్రూపులో చేర్చితే అందరి ఫోను నంబర్లు అందరికీ కనిపిస్తాయి. చీర కొన్న పాపానికి ఒకరి నంబరు ముక్కూమొహం తెలియని మూడువందల మంది చేతుల్లో పడటం అన్యాయం, స్త్రీలకు దాని వల్ల వచ్చే ఇబ్బందులు వేరే చెప్పనక్కరలేదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపితే ఎవరికి వారికి విడి సందేశంగా అందుతుంది, వారి జవాబు మనకు మాత్రమే వస్తుంది. ఒక్కో జాబితాలో 256 మంది వరకు పెట్టవచ్చు. మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది, దీన్ని చాలామంది లోపంగా చూస్తారు కానీ నాకు ఇది మంచి ఏర్పాటుగానే తోస్తుంది, ఎందుకంటే మన నంబరు దాచుకున్నవారే మన పలకరింపు కోరుకునేవారు. మొదటి పార్శిలులో పెట్టే చీటీ మీదనే "పండుగ పలకరింపులు అందాలంటే ఈ నంబరు దాచుకోండి, వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి" అని రాస్తే అనుమతి అడిగినట్లూ అవుతుంది. పార్శిలు చేర్చడం కోసం ఇచ్చిన నంబరును వేరే పనికి వాడుకునేటప్పుడు వారి సమ్మతి తీసుకోవడం మర్యాద, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆలోచన కూడా సమ్మతి చుట్టూనే తిరుగుతుంది. ఒకేసారి వేలమందికి పంపుతామని అమ్మే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాటి వల్ల వాట్సాప్ నంబరునే నిలిపివేసే ప్రమాదం ఉంది, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సంబంధాలన్నీ ఆ ఒక్క నంబరులోనే ఉంటాయి.

ఎస్ఎంఎస్ చిన్న వ్యాపారికి అవసరం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సందేశాలకు పంపేవారి పేరు, సందేశం నమూనా ముందుగా నమోదు చేయించుకోవాలి, ఒక పండుగ పలకరింపుకు అంత శ్రమ ఎందుకు? ఈమెయిల్ పంపేవారు అందరి చిరునామాలూ బయటపడకుండా చూసుకుంటే చాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీ 24 గంటలే ఉంటుంది కాబట్టి పండుగ పలకరింపుకు అది సరిపోతుంది, కృతజ్ఞతలు మాత్రం పేజీలో నిలిచి ఉండేలా పోస్టుగా పెట్టాలి.

ఇక వేళ గురించి. భోగినాడు ఉదయం ఫోన్లు శుభాకాంక్షలతో నిండిపోతాయి, కాబట్టి నేను ముందురోజు సాయంత్రం ఆరింటికి పంపుతాను. ఆ వేళకు ఇక్కడ పిండివంటలు ఒక కొలిక్కి వచ్చి కాస్త కూర్చునే సమయం దొరుకుతుంది. అప్పుడు దుబాయ్‌లో సాయంత్రం నాలుగున్నర, లండన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర, న్యూజెర్సీలో ఉదయం ఏడున్నర అవుతుంది. మనం ఇక్కడ తెల్లవారుజామున పంపితే అమెరికాలో ఉన్నవారికి అది ముందురోజే చేరుతుంది. దూరాన ఉండి పండుగ చేసుకునేవారికి ఊరి మాట ఒకటి వినాలని ఎక్కువ ఉంటుంది, వారికి అనువైన వేళను చూసి పంపడం మన వంతు.

కృతజ్ఞతలు వేరే రోజున

శుభాకాంక్షలతోపాటే కృతజ్ఞతలూ చెప్పేస్తే రెండూ పలచబడతాయి. మేము ఏడాది చివర, డిసెంబరు ఆఖరి వారంలో కృతజ్ఞతలకని ఒక రోజు పెట్టుకున్నాం. "మీ ఆదరాభిమానాలకు ధన్యవాదాలు" అన్న వాక్యం ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు, అందుకే అది ఎవరికీ తగలదు. దేనికి కృతజ్ఞతలు చెబుతున్నామో పేరు పెట్టి చెప్పాలి. మంగళగిరి చీరలు చాలావరకు గుంట మగ్గం మీద నేస్తారు, గట్టి వానలు పడితే గుంటలోకి నీరు చేరి నేత ఆగిపోతుంది. అలా ఆలస్యమైన ఏడాది చివర నేను ఇలా రాశాను: "ఈ వానాకాలంలో మగ్గం గుంటల్లోకి నీరు చేరి చాలా రోజులు నేత సాగలేదు. ఆ రోజుల్లో చీర కోసం ఎదురుచూసిన మీలో ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు. ఆ ఓపిక వల్ల నేతగారికి ఇచ్చిన అడ్వాన్సు ఆయన దగ్గరే నిలిచింది. ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది." కొన్నవారికి తమ ఓపిక ఎక్కడికి చేరిందో అప్పుడే తెలిసింది.

కొననివారికి కూడా చెప్పండి. ఫొటోకు మంచి మాట రాసినవారు, రంగు గురించి తప్పు రాస్తే సరిదిద్దినవారు, మన పేజీ సంగతి ఇంకొకరికి చెప్పినవారు, వీరంతా పైసా తీసుకోకుండా మన పని చేసిపెట్టినవారు. ఒకరి ఫొటో గానీ, వారు రాసిన మాట గానీ కృతజ్ఞతల పోస్టులో వాడుకోవాలనుకుంటే ముందుగా అడగాలి, సరేనన్నా ఇంటిపేరు, ఊరు రాయకూడదు. "అయిదుగురిని ట్యాగ్ చేయండి, బహుమతి గెలుచుకోండి" అన్న పద్ధతిని నేను కృతజ్ఞతల రోజున వాడను. కృతజ్ఞతకు షరతు పెడితే అది మళ్లీ బేరమే. ఏదైనా ఇవ్వాలనిపిస్తే చెప్పకుండా ఇవ్వండి. చీర నేయగా మిగిలిన ముక్కతో కుట్టిన చిన్న సంచి, వంద గ్రాముల కరివేపాకు పొడి, చేత్తో రాసిన రెండు వాక్యాల చీటీ పార్శిలులో కనిపిస్తే అది విప్పేవారి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోగలం. చీటీలో వారు కొన్న వస్తువు పేరు తప్పక ఉండాలి. "మీ నీలం చీర అంచు మాకూ ఇష్టమైనదే" అని రాసినది దాచుకుంటారు, అచ్చువేసిన కార్డు దాచుకోరు.

ఆ ఏడాది మన వల్ల ఇబ్బంది పడినవారు కూడా ఉంటారు. రంగు తేడా వచ్చింది, పార్శిలు దారిలో పోయింది, పచ్చడి సీసా పగిలింది. అందరికీ వెళ్లే కృతజ్ఞతల సందేశం వీరికి అలాగే పంపితే పుండు మీద కారం చల్లినట్లవుతుంది. వీరి పేర్లు ముందుగా వేరుచేసి, ఒక్కొక్కరికీ విడిగా రాయాలి. జరిగినదాన్ని మళ్లీ ఒప్పుకుని, ఇంకా ఇవ్వవలసింది ఏదైనా ఉంటే తీర్చి, ఆ తరువాతే ఓర్చుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పాలి. నా దగ్గర ఏటా అలాంటివారు నలుగురైదుగురు ఉంటారు, వారికి రాయడానికే ఆ వారంలో నాకు ఎక్కువ సమయం పడుతుంది.

నేసినవారికి, కుట్టినవారికి, ఎండలో పార్శిలు తీసుకువెళ్లే అబ్బాయికి కూడా ఆ రోజే కృతజ్ఞతలు చెబుతాం, అయితే పేజీలో వారి ఫొటో పెట్టే ముందు వారినీ అడుగుతాం. కొన్నవారు రాసిన మంచి మాటలను నేతగారి ఇంటికి వెళ్లి చదివి వినిపించడం మా ఇంట్లో ఒక అలవాటుగా మారింది. వారికి ఫోనులో చదువుకునే తీరిక ఉండదు.

పంపిన తరువాత వచ్చే జవాబులకు సమయం కేటాయించుకోకపోతే పంపకపోవడమే నయం. పండుగ రోజుల్లో రెండు పూటలా అరగంట చొప్పున కూర్చుని, ప్రతి జవాబుకూ ఒక్క వాక్యమైనా తిరిగి రాస్తాను. బొటనవేలి గుర్తుతో సరిపెట్టను. "మా అమ్మాయికి ఇది మొదటి సంక్రాంతి అండీ" అని ఒకరు రాస్తే పాప పేరు అడిగి పుస్తకంలో రాసుకుంటాను. ఆ సంభాషణలో ఎవరైనా కొత్త చీరల ధర అడిగితే, "పండుగ అయ్యాక 17వ తేదీన ఫొటోలన్నీ పంపుతానండీ, ఇవాళ పిల్లలతో గడపండి" అని జవాబిస్తాను, 17వ తేదీ ఉదయం మొదటి పనిగా ఆ ఫొటోలు పంపుతాను.